కరువులో కడిగిన బండి

బ్రన్స్‌విక్, మెల్బోర్న్
ఫిబ్రవరి

లోయిస్ అక్కకి,

ఫోన్ చేస్తే బావ ఎత్తుతాడు, నువ్వు వెనకనుంచి "ఎవరు? ఏమంటోంది?" అని అరుస్తావు, చివరికి వాన పడిందా లేదా అన్నదే మిగులుతుంది. అందుకే అమ్మ అలవాటు ప్రకారం కాగితం మీద పెడుతున్నాను.

నా కాలవ నవల టీవీకి వెళ్తోంది. ఆరు భాగాలు. ఏళ్ల తరబడి "చూద్దాం" అంటూ తిప్పిన టామ్సిన్ అనే నిర్మాత ఈసారి నిజంగానే సంతకాలు పెట్టించింది. షూటింగ్ మన ఊరు వారమిట్‌లోనే. స్క్రిప్టు రాసే గదిలో నేను కూడా కూర్చుని సలహాలివ్వాలట. రాసేది కుర్రాళ్లు, తల ఊపేది నేను.

ఎవరూ చెప్పకముందే నీకు చెప్పాలనుకున్నాను. తమ్ముడు కెల్విన్ పోయి ఇరవై ఏళ్లు దాటింది. అయినా వాడి పేరు వచ్చినప్పుడు నువ్వు లేచి వంటింట్లోకి వెళ్లిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. పుస్తకం రాస్తున్నప్పుడు నువ్వన్న మాట కూడా గుర్తుంది. "కాలవలో పడి పోయాడో, ఎవరైనా తలమీద కొట్టి తోశారో పోలీసులే తేల్చలేదు. తేల్చడానికి నువ్వెవరు?" అన్నావు. అందుకేగా హంతకుణ్ణి ఊరివాడిగా రాయలేదు. కోతలకి ఎక్కడినుంచో వచ్చి, ధాన్యం లారీ తోలి, మళ్లీ కనబడకుండా పోయే మనిషిని పెట్టాను. ఎవరికీ చుట్టం కాడు, ఎవరికీ పక్కింటివాడు కాడు. ఆ జాగ్రత్త వల్లే మన చర్చిలో నాకు ఇప్పటికీ కాఫీ ఇస్తున్నారు.

నీకెలా ఉందో రాయి. వద్దంటే వద్దని రాయి.

నీ చెల్లెలు,
బ్రోన్విన్

*

వారమిట్
మార్చి

బ్రోనీకి,

నువ్వు చెప్పేలోపే ఊరంతా చెప్పుకుంది. పోస్టాఫీసు నోలీన్ శవం వేషం తనకి ఇప్పించమంటోంది. పోయింది మగవాడే తల్లీ అంటే, "బోర్లా పడుకుంటే ఎవరికి తెలుస్తుందిలే" అంది. పోయింది నా తమ్ముడని ఆవిడకి గుర్తు రాలేదు. ఒక్క క్షణం నాకూ రాలేదు. నవ్వాను.

ఎలా ఉందని అడిగావు. ఎలాగూ లేదు. పళ్ల డాక్టరు సూది వేశాక దవడ ఎలా ఉంటుందో అలా ఉంది. నాదే, కానీ గిల్లినా తెలియదు. వద్దని ఎందుకంటాను? ఫుట్‌బాల్ క్లబ్బు పైకప్పుకి వాళ్లు డబ్బిస్తామన్నారు. ఇప్పుడు వద్దంటే ఊళ్లో మొహం ఎత్తుకోలేను.

వచ్చినవాళ్లు కాలవ ఏదని అడిగారు. పైపులు వేశాక కాలవలన్నీ పూడ్చేశారు, అక్కడ ఇప్పుడు బార్లీ వేస్తున్నాం అన్నాను. వాళ్ల మొహాలు వాడిపోయాయి. మా ఆయన మెర్వ్ ఊరుకున్నాడా? మా మూల పొలంలో తన యంత్రంతో తనే తవ్వి పెడతానన్నాడు. "వెడల్పెంతో, లోతెంతో నన్నడగండి. నేను ఈత నేర్చుకుంది అందులోనే" అని వాళ్లకి ఒకటే చెప్పడం. వంతెన కూడా పాతదానిలాగే కట్టిస్తాడట. ఆ వంతెన దగ్గరే కదా ఆ శనివారం సాయంత్రం కెల్విన్‌ని పికప్‌లోంచి దింపాడు. అదే చివరిసారి వాణ్ణి చూడడం. మెర్వ్ ఆ సంగతి ఎత్తలేదు, నేనూ అనలేదు.

ఆ పికప్పే వాళ్లకి తెగ నచ్చింది. పొడవాటి ఒకే సీటు, స్టీరింగు పక్కన గేరు కర్ర, అద్దం మీద పగులు. ఇలాంటిది దేశంలో ఎక్కడా దొరకదని ఒక పిల్ల దానికి ముద్దు పెట్టింది కూడా. మెర్వ్ దాన్ని ఇన్నేళ్లూ అమ్మలేదు. ఎందుకని నేనడగలేదు.

నీ పుస్తకంలో చనిపోయినవాడి బావ వాల్ ఉన్నాడే, ఆ వాల్ తనేనని మెర్వ్‌కి తెలుసు. చదవకపోయినా, సార్డిన్ చేపల శాండ్‌విచ్‌లూ శ్రుతి తప్పిన కీర్తనలూ ఎవరివో ఊరంతా చెప్పారు. "వాల్ మంచోడేనా?" అని నన్నడిగాడు. మంచోడే, కాస్త మొద్దు అన్నాను. "అయితే నేనే" అన్నాడు.

లోయిస్

*

బ్రన్స్‌విక్
మే

అక్కా,

విత్తనాలు పడ్డాయా? ఇక్కడ చలి మొదలైంది.

రాసే గదిలో గోడంతా రంగు చీటీలు. రోజూ ఒక చీటీ పీకి ఇంకోచోట అంటిస్తారు. నేను పదేళ్లు పట్టి రాసింది మధ్యాహ్నం భోజనంలోపు తలకిందులవుతుంది. వీళ్లు చెడ్డవాళ్లు కాదు. తెలివైనవాళ్లు, నవ్విస్తారు, నాకు టీ కూడా పెట్టిస్తారు.

ఒక సంగతి అడుగుతాను, కారణం అడక్కు. బావ పికప్ వాళ్లకి ఇవ్వొద్దని చెప్పు. బావని కూడా షూటింగ్‌కి దూరంగా ఉండమను. కాలవ తవ్వాడు, చాలు. మోకాలు నొప్పి అని చెప్పమను, నిజంగానే నొప్పి కదా. కథ బయట చెప్పనన్న కాగితాల మీద సంతకం పెట్టాను, అందుకే ఇంతకంటే రాయలేను.

తోటలో ఆ నిమ్మచెట్టు కాసిందా?

బ్రోన్విన్

*

వారమిట్
జూన్

బ్రోనీకి,

నీ ఉత్తరం వచ్చేసరికే ఆలస్యమైంది. ముందే వచ్చినా చెప్పేదాన్ని కాదులే. నువ్వు నగరానికి వెళ్లినప్పటినుంచీ మేం కెమెరా ముందు నిలబడితే నీకు సిగ్గు. మెర్వ్ ఇంత సంతోషంగా ఉండడం మనవడు పుట్టినప్పుడు చూశాను, మళ్లీ ఇప్పుడే.

జరిగింది విను. వాల్ వేషం వేసిన రోరీ అందగాడే, కానీ స్టీరింగు పక్క గేరు చేతికి రాలేదు. వేయబోతే బండి కప్పలా గెంతి ఆగిపోయేది. యూనిట్ అంతా చలిలో నిలబడి ఉంది. మెర్వ్ చూసి చూసి, "బాబూ, దాన్ని చంపకు, నేను తోలతా" అన్నాడు. రోరీ చొక్కా, టోపీ ఇతనికి తొడిగారు. వెనకనుంచి చూస్తే ఇద్దరూ ఒకటే. సాయంత్రం వెలుగులో కాలవ గట్టు మీద తోలించారు, వంతెన దగ్గర ఆపించారు. దిగి, నీళ్లవైపు చూస్తూ నిలబడమన్నారు. ఎందుకో చెప్పలేదు. ఊరివాళ్లకిచ్చే స్క్రిప్టు కాగితాల్లో సగం పేజీలు ఉండవు. హంతకుడెవరో బయటికి పొక్కకూడదట.

ఇంకో షాట్ కూడా తీశారు. పికప్‌ని గొట్టంతో కడగడం. చుట్టూ ఎండిన గడ్డి, పగిలిన నేల కనపడాలట, దానికోసం నేలమీద మట్టి చల్లారు. మెర్వ్ గొట్టం పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. అంతమంది ఎదురుచూస్తున్నారని కడిగాడు. నేను టీ పాత్ర దగ్గరున్నాను, నాకు అంతా కనబడింది.

ఇంటికొచ్చాక, "నీ చెల్లెలికి అన్నీ గుర్తున్నాయే" అన్నాడు. అంతే. తర్వాత వాతావరణం వార్తలు చూశాడు.

పుస్తకంలో బండి కడగడం లేదు. వాళ్లకి ఎవరు చెప్పారు?

లోయిస్

*

బ్రన్స్‌విక్
జూలై

అక్కా,

నేనే చెప్పాను.

సంతకాల సంగతి పక్కన పెట్టి అంతా రాస్తున్నాను. మొదటి వారంలోనే టామ్సిన్ అంది: "లారీవాడు హంతకుడని పుస్తకం చదివినవాళ్లందరికీ తెలుసు. వాళ్లు కూడా ఆఖరి భాగం దాకా కూర్చోవాలి. మనిషిని మార్చాలి." ఈ పనిలో అది మామూలేనట. మొదటి భాగంలోనే కనబడి, అందరూ ఇష్టపడే మనిషి అయితే ఇంకా బాగుంటుందట. ఎవరెవరి పేర్లో చీటీల మీద రాశారు. నేను నవ్వుతూ చూస్తూ కూర్చున్నాను. నాకది ఆటలాగే ఉంది.

భోజనాల దగ్గర మన ఊరి కరువు గురించి అడిగారు. ఆ ఏడాది స్నానానికి కూడా బకెట్టు కొలిచి వాడేవాళ్లమని, బండి కడిగితే ఊరు ఊరంతా వెలేసినట్టు చూసేదని చెప్పాను. నోరు ఆగలేదు. కెల్విన్ దొరికిన ఆదివారం పొద్దున బావ పికప్ కడిగాడని, ఎందుకు కడిగాడో ఎవరికీ తెలియదని కూడా చెప్పేశాను. బల్లచుట్టూ అందరూ తినడం ఆపేశారు. టామ్సిన్ మాత్రం నా చెయ్యి పట్టుకుని "థాంక్యూ" అంది.

హంతకుడు వాల్, అక్కా. బావ. ఆఖరి భాగంలో వంతెన దగ్గర పికప్ ఆపి, దిగి, కొడతాడు. మర్నాడు బండి కడుగుతాడు. బావ తోలింది ఆ సీనే.

వద్దని ఏడ్చాను, అరిచాను. పేరు తీసేస్తానన్నాను. నా పేరున్నా లేకపోయినా వాళ్లకి ఫర్వాలేదట. మార్చే హక్కు నాకు లేదని కాగితంలో ఉంది, నేనే చూడకుండా సంతకం పెట్టాను.

ప్రసారం వచ్చే వేసవిలో. ఊరందరి మధ్య కూర్చుని బావ అది మొదటిసారి చూడకూడదు. ముందే తెలియాలి. నేను వచ్చి చెప్తాను. తిట్టనీ, కొట్టనీ.

బ్రోన్విన్

*

వారమిట్
ఆగస్టు

బ్రోనీకి,

నువ్వు రావద్దు. నేను చెప్తాను.

నీ మీద కోపం వస్తుందేమోనని చూశాను. రాలేదు. ఉత్తరం చదివి, మడిచి, బఠానీలు వలిచాను. గిన్నె నిండాక ఇంకా వలుస్తూనే ఉన్నానట, మెర్వ్ వచ్చి, "ఇన్ని ఎవరు తింటారే?" అన్నాడు.

నువ్వు ఎవరికీ తెలియదు అన్నావు కదా. ఆ పొద్దున వంటింటి కిటికీలోంచి నేను చూశాను. పొలానికి దాచిపెట్టిన తొట్టిలో నీళ్లు బకెట్లతో ముంచి పోస్తున్నాడు. లోపల సీటు కూడా తుడుస్తున్నాడు. అప్పటికి కెల్విన్ ఇంటికి రాలేదని అమ్మ ఇంకా ఫోన్ చెయ్యలేదు. నేను పరదా వేసి గుడ్లు ఉడకబెట్టాను.

ఇన్నేళ్లలో అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది కదా.

లోయిస్

*

బ్రన్స్‌విక్
జనవరి

అక్కా,

కోతలు ముగిసి ఉంటాయి. నీ దగ్గర్నుంచి పండగ కార్డు తప్ప ఏమీ రాలేదు. కార్డులో బావ కూడా సంతకం పెట్టాడు, పక్కన గొర్రె బొమ్మ వేశాడు. అది చూశాక నాకు అనుమానం వచ్చింది. చెప్పావా? చెప్పుంటే నాకు గొర్రె బొమ్మ వేసేవాడా?

వచ్చే నెల మొదలవుతుంది. వారానికి ఒకటి. నీకు చేతకాకపోతే ఒక్క మాట రాయి, ఆ రోజే బస్సెక్కుతాను. నేనే బావతో నేరుగా ఫోన్లో చెప్పేద్దామని రెండుసార్లు నంబరు నొక్కాను. ఎత్తి, "ఏమ్మా రచయిత్రీ, స్టారునని నా పేరు పేపర్లో వేయిస్తున్నావా?" అన్నాడు. వాన పడిందా అని అడిగాను.

బ్రోన్విన్

*

వారమిట్
ఫిబ్రవరి

బ్రోనీకి,

చెప్పలేదు. చెప్తాను.

మొదటి భాగాలు ఊరి హాల్లో తెర కట్టి అందరం కలిసి చూస్తున్నాం. తలో పళ్లెం తెస్తారు, మన మామూలే. నోలీన్ శవం కాలేదు గానీ దుకాణంలో బ్రెడ్ కొంటూ కనబడింది, హాలంతా చప్పట్లు. హంతకుడెవరో ఊహించి పేరు రాసి డబ్బాలో వెయ్యాలి, గెలిచినవాళ్లకి వండుకోవడానికి గొర్రె కాలు బహుమతి. ఎవరో మెర్వ్‌ని ఏడిపించడానికి వాల్ పేరు వేస్తామన్నారు. "మంచి బహుమతి పోగొట్టుకుంటావు. వాల్‌కి అంత ఓపికెక్కడిది, సాయంత్రం ఆరింటికే కునుకు తీస్తాడు" అని మెర్వ్ అందర్నీ నవ్వించాడు.

రోజూ పొద్దున టీ ఇచ్చేటప్పుడు చెప్పాలనుకుంటాను. అతను కప్పు అందుకుంటాడు, నేను గుడ్లు తేవడానికి వెళ్తాను. భయం అనుకుంటున్నావు కదా. నేనూ మొదట అదే అనుకున్నాను.

లోయిస్

*

బ్రన్స్‌విక్
మార్చి

అక్కా, ఆఖరి భాగం అయిపోయి వారం దాటింది. మీ ఇద్దరిలో ఎవరూ ఫోన్ ఎత్తడం లేదు. ఇక్కడ అందరూ మెచ్చుకుంటున్నారు, నాకు పూలు పంపారు. వాటిని బయట మెట్లమీదే వదిలేశాను. ఏమైందో రాయి. బతికున్నారని అయినా రాయి.

బ్రోన్విన్

*

వారమిట్
మార్చి

బ్రోనీకి,

బతికే ఉన్నాం. ఫోన్ తీగ నేనే పీకాను. పేపరువాళ్లు పికప్ ఫోటో కావాలంటున్నారు.

చెప్పకుండానే హాలుకి తీసుకెళ్లాను. మెర్వ్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. తన బండి ఆఖరి భాగంలో ఎక్కువసేపు కనబడుతుందని ఎవరో చెప్పారట, మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. నా గుడ్డు శాండ్‌విచ్‌ల పళ్లెం ఒళ్లోనే ఉంది, బల్లమీద పెట్టడం మర్చిపోయాను.

తెరమీద ఏం జరిగిందో నీకు తెలుసు, నాకు తెలియదు. నేను చూడలేదు. మెర్వ్ మొహం చూస్తూ కూర్చున్నాను. ఇన్నాళ్లూ చెప్పనిది భయంతో కాదు, బ్రోనీ. ముందే చెప్తే మొహం సర్దుకుని వస్తాడు. నాకు సర్దుకోని మొహం కావాలి. ఇరవై ఏళ్లుగా అడగలేని మాటకి జవాబు అక్కడ దొరుకుతుందనుకున్నాను.

బండి గట్టెక్కిన చప్పుడు విన్నాను. అతను నవ్వాడు, తన బండని మురిసిపోయాడు. తర్వాత దెబ్బ చప్పుడు. వెనకనుంచి ఒకడు, "ఓరి మెర్వ్, దొంగవెధవా, నువ్వా!" అని అరిచాడు, హాలు గొల్లుమంది. గొట్టంలోంచి నీళ్ల చప్పుడు వచ్చేసరికి నవ్వు తగ్గింది. ఆ కరువులో మా పికప్ మెరుస్తూ చర్చి ముందు ఆగడం చూసినవాళ్లు హాల్లో ఇంకా ఉన్నారు. ఒక్కొక్కరే ఊరుకున్నారు. డబ్బా తెరిచి గొర్రె కాలు ఎవరిదో చూడాలని కూడా ఎవరూ అనలేదు.

మెర్వ్ మొహంలో ఏమీ లేదు. తను చెయ్యని పని తన చేతులు తెరమీద చేస్తుంటే చూస్తున్న మనిషి మొహం, అంతే. అప్పుడు నాకేసి తిరిగాడు. నన్ను ఓదార్చడానికే తిరిగాడనుకుంటాను, పోయింది నా తమ్ముడు కదా. హాలంతా తెరవైపు చూస్తోంది, నేనొక్కదాన్నే అతనివైపు చూస్తున్నాను. ఎంతసేపట్నుంచి చూస్తున్నానో అతనికి అర్థమైంది. ఎందుకు చూస్తున్నానో కూడా.

ఇంటికి వచ్చేటప్పుడు పొలం గేటు దగ్గర బండి ఆపాడు. గేటు తెరిచేది పక్క సీట్లోవాళ్లే కదా, పెళ్లయినప్పటినుంచీ నేనే. తలుపు మీద చెయ్యి వేసేలోపు అతను దిగి తెరిచాడు. లోపలికి తోలి, మళ్లీ దిగి మూశాడు. నన్ను చుట్టాన్ని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టాడు.

"నీకు ముందే తెలుసు" అన్నాడు.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"పోయిన చలికాలం నుంచి."

ఇంజను ఆపాడు. తర్వాత చెప్పాడు. అతను చెప్పినట్టే రాస్తాను.

"కెల్విన్ ఆ రోజు పీకలదాకా తాగాడు, లోయీ. బండిలో కక్కుకున్నాడు. మీ అమ్మకి తెలిస్తే గడప తొక్కనివ్వదని ఏడ్చాడు. వంతెన దగ్గర దింపెయ్ బావా, గాలికి నడిచి మత్తు దిగాక వెళ్తానన్నాడు. దింపాను. మర్నాడు మీ అమ్మని ఆ బండిలోనే చర్చికి తీసుకెళ్లాలి. ఆ వాసన పెట్టుకుని ఎలా తీసుకెళ్లను? అందుకే కడిగాను. పోలీసులకి ఆ రోజే చెప్పాను. ఆ ముసలామెకి మాత్రం చెప్పకండని బతిమాలాను. ఆవిడ పోయాక నీకు చెబుదామనుకున్నా. నువ్వడగలేదు. ఊళ్లో ప్రతివాడూ ఏదో ఒకటి అడిగాడు, నువ్వు ఒక్కసారి కూడా అడగలేదు. నా పెళ్లానికి నా మీద ఎంత నమ్మకమో అనుకున్నాను."

నేను నమ్మాను, బ్రోనీ. చెప్తున్నప్పుడే నమ్మాను. ఆ మాటే అన్నాను. "ఇప్పుడు దేనికి?" అన్నాడు. కోపంగా కాదు. నిజంగా తెలియక అడిగినట్టు అడిగాడు.

ఊరు సర్దుకుంటుంది. ఫుట్‌బాల్ క్లబ్బువాళ్లు వచ్చారు, అందరం ఆటగానే తీసుకున్నామన్నారు, గొర్రె కాలు అతనికే ఇచ్చి వెళ్లారు. అతను తీసుకుని థాంక్స్ చెప్పి ఫ్రిజ్‌లో పెట్టాడు. ఊరి సంగతి అతనికి పట్టదు. ఉన్ని కత్తిరించేవాళ్ల కోసం కట్టిన గది ఉందే, అక్కడ పడుకుంటున్నాడు. తను తవ్విన కాలవని తనే పూడుస్తున్నాడు. నేను రాస్తుంటే ఆ యంత్రం చప్పుడు ఇక్కడిదాకా వినబడుతోంది.

వస్తానన్నావు. రా. నీ మీద కోపం లేదు, ఉండాల్సింది నా మీద, అక్కడ కూడా లేదు. నువ్వు నోరు జారావు, అంతే. నేను నోరు విప్పలేదు.

భోజనానికి లోపలికి వస్తాడు. కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. నేను ఇప్పుడు అన్నీ అడుగుతున్నాను. పాలు పొయ్యనా, దుప్పటి ఇంకోటి ఇవ్వనా, మోకాలు ఎలా ఉంది, ఇంట్లోకి ఎప్పుడొస్తావు. అన్నిటికీ నెమ్మదిగా జవాబిస్తాడు. టీ అందుకుని థాంక్స్ చెప్తాడు. ఇన్నేళ్ల కాపురంలో నాకు ఎప్పుడూ చెప్పలేదు.

లోయిస్